పెరటి చాటుకు జీవకంచె: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలకు మొక్కల ఎంపిక

ఉపోద్ఘాతం

2016 అక్టోబరులో పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుంచి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు ఏర్పడిన తరువాత ఈ మూడు జిల్లా కేంద్రాలు నాలుగు దిక్కులా విస్తరించాయి. ఊరి అంచున ఉన్న చేలు ఇండ్ల స్థలాలుగా మారాయి. పాత ఇంటికి ఎత్తైన మట్టి గోడో రాతి గోడో ఉండేది. స్నానానికి, బట్టలు ఉతకడానికి వేరుగా దడి కట్టుకునేవారు. కొత్త ఇల్లు చుట్టూ ఖాళీ స్థలంతో, నడుము ఎత్తు ప్రహరీతో ఉంటుంది. పక్క స్థలంలో మేడ లేవగానే అక్కడి వసారా నుంచి ఈ ఇంటి పెరడంతా కనిపిస్తుంది. అప్పటివరకు పెరట్లో నిశ్చింతగా పని చేసుకున్న ఇంటి ఆడవారు చీకటి పడేదాకా ఆగవలసి వస్తుంది. చేనులో ఇల్లు కట్టుకున్న రైతు కుటుంబానిదీ ఇదే స్థితి.

అందుచేత మొక్కలతో చాటు కల్పించుకోవడం ఎలా అనే ప్రశ్న కృషి విజ్ఞాన కేంద్రాలకు, ఉద్యాన అధికారులకు తరచుగా ఎదురవుతున్నది. ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకే రూపంలో ఉంటుంది: "త్వరగా పెరిగే మొక్క ఏదైనా చెప్పండి." ఈ ప్రశ్నకు ఒక్క మొక్క పేరుతో సమాధానం చెప్పడం పొరపాటని, వేగం ఒక మొక్క నుంచి, మన్నిక వేరొక మొక్క నుంచి తీసుకోవడమే సరైన మార్గమని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వేగానికి చెల్లించే మూల్యం

త్వరగా ఎదిగే మొక్కలో మూడు లక్షణాలు కలిసి ఉంటాయి. అది ఎక్కువ ఆకును వేగంగా విస్తరింపజేస్తుంది, అందువలన ఎక్కువ నీరు ఆవిరి చేస్తుంది. వేర్లను దూరం పంపుతుంది. మనకు కావలసిన ఎత్తు వద్ద ఆగదు. మొదటి ఏడాది సంతోషం కలిగించిన ఈ గుణాలే నాలుగో ఏడాదికి భారమవుతాయి.

ఇందుకు కోనోకార్పస్ మంచి ఉదాహరణ. ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది, పశువులు ముట్టవు, కత్తిరిస్తే గోడవలె దట్టమవుతుంది. ఈ కారణాలతోనే రహదారుల మధ్య, కార్యాలయాల చుట్టూ, ఇండ్ల ప్రహరీల వెంట విరివిగా నాటారు. తరువాత దీని వేర్లు మురుగు కాలువల్లోకి, నీటి గొట్టాల్లోకి చొరబడుతున్నాయని, పుప్పొడి వలన శ్వాస సంబంధ ఇబ్బందులు కలుగుతున్నాయని పలు రాష్ట్రాల్లో ఫిర్యాదులు వచ్చాయి. తెలంగాణ ప్రభుత్వం 2022లో హరితహారం కింద ఈ మొక్కను పెంచి నాటడం నిలిపివేయాలని నిర్ణయించింది. గుజరాత్ 2023లో నిషేధించింది. అయినా ఇంటి యజమాని అడిగిన "త్వరగా" అనే ఒక్క మాటకు అది సరిపోతున్నందున నేటికీ అడిగేవారున్నారు. సుబాబుల్, నీలగిరి వంటివి కూడా ఇంటి చాటుకు తగినవి కావు. మొదటిది గింజతో చుట్టూ వ్యాపిస్తుంది. రెండవది ఎదిగేకొద్దీ కింది కొమ్మలు రాల్చి, చాటు కావలసిన చోటనే ఖాళీ చేస్తుంది.

ఎంత ఎత్తు, ఎక్కడ?

మొక్కను ఎంచుకునే ముందు కొలత తీసుకోవాలి. ఇది సాధారణంగా ఎవరూ చేయని పని.

పక్క మేడ మొదటి అంతస్తు వసారాలో నిలబడిన వ్యక్తి కంటి ఎత్తు నేల నుంచి 4.5 మీటర్లు అనుకుందాం. ఆ వసారా మన కంచెకు 12 మీటర్ల దూరంలో ఉంది. మన పెరట్లో మనిషి కంచెకు 3 మీటర్ల లోపల నిలబడ్డారు, ఎత్తు 1.6 మీటర్లు. చూపు రేఖ కంచెను దాటే చోట దాని ఎత్తు ఇలా వస్తుంది: 1.6 + (4.5 − 1.6) × 3 ÷ 15 = 2.18 మీటర్లు. అంటే సుమారు 2.2 మీటర్ల కంచె చాలు. ఆరేడు మీటర్ల చెట్టు అవసరం లేదు. అదే మనిషి కంచెకు ఒక మీటరు దూరంలోనే ఉండి, వసారాకు, మనిషికి మధ్య మొత్తం దూరం 15 మీటర్లే అయితే కావలసిన ఎత్తు 1.8 మీటర్లకు తగ్గుతుంది.

దీని నుంచి రెండు విషయాలు తెలుస్తాయి. మొదటిది, ఎత్తు తక్కువైనా అడుగు నుంచి దట్టంగా ఉండే పొద జాతులే చాటుకు తగినవి. రెండవది, కంచె ఎప్పుడూ స్థలం హద్దు వెంటనే ఉండాలన్న నియమం లేదు. కుళాయి, స్నానాల గది, బట్టలు ఆరేసే తీగ ఉన్న చోటికి దగ్గరగా నాలుగేసి మీటర్ల రెండు వరుసలను మూల కలిసేలా నాటితే మొత్తం 8 మీటర్ల కంచెతో పని తీరుతుంది. హద్దు పొడవునా నాటవలసిన 30 మీటర్లు అక్కరలేదు. మొక్కల ఖర్చు, నీరు, కత్తిరింపు శ్రమ ఆ మేరకు తగ్గుతాయి.

నీరు, నేల

దక్షిణ తెలంగాణ వ్యవసాయ వాతావరణ మండలంలో సగటు వార్షిక వర్షపాతం 600 నుంచి 780 మి.మీ. వరకు ఉంటుంది. అందులో అధిక భాగం నైరుతి రుతుపవనాలదే. కృష్ణా, తుంగభద్రల మధ్య ఉన్న నడిగడ్డకు రెండు నదులున్నా వాన తక్కువ. ఇక్కడ కంచెను నిలబెట్టేది, చంపేది మార్చి నుంచి జూన్ వరకు ఉండే నాలుగు నెలలే.

వేసవిలో రోజుకు 6 మి.మీ. ఆవిరి కోతను లెక్కలోకి తీసుకుందాం. ఒక మీటరు వెడల్పు, 30 మీటర్ల పొడవు గల మెట్ట జాతి కంచెకు 0.7 గుణకం వేస్తే రోజుకు 30 × 6 × 0.7 = 126 లీటర్లు కావాలి. రెండు మీటర్ల వెడల్పుకు విస్తరించే, నీరు ఎక్కువ తాగే జాతికి గుణకం ఒకటిగా తీసుకుంటే 360 లీటర్లు అవుతుంది. ఎనిమిది మీటర్ల మెట్ట జాతి కంచెకైతే 34 లీటర్లు చాలు. ఇది ఒక కుటుంబం స్నానాలకు వాడే నీటికన్నా తక్కువ. సబ్బు నీటిలో సోడియం ఉంటుంది కనుక ఒకే చోట నిత్యం పారించకుండా మంచి నీటితో మార్చి మార్చి ఇవ్వాలి. చౌడు లక్షణం ఉన్న నేలలో సబ్బు నీరు అసలు వాడరాదు.

ఎర్ర చల్కా నేలల్లో అడుగున్నర లోతులోనే మొరం తగులుతుంది. ఇక్కడ నరమామిడి, అంటే మనవారు అశోక అని నాటే నిటారు చెట్టు, మొదట బాగుండి తరువాత పైనుంచి ఎండుతుంది. అలంపురం వైపు నల్లరేగడిలో వేసవి పగుళ్లు లేత వేర్లను తెంచుతాయి, వానకాలంలో నీరు నిలుస్తుంది. అక్కడ మొక్కలను గుంతలో కాక కొద్దిగా ఎత్తు చేసిన కట్టపై నాటాలి. కాలువల కింది పల్లపు భూముల్లో చౌడు మచ్చలున్న చోట గోరింట, సీమచింత తట్టుకుంటాయి.

కంచే చేను మేస్తే

ఈ జిల్లాల్లో పెరటి మొక్క పెరటికే పరిమితమైన విషయం కాదు. గోడ అవతల చేను ఉంటుంది. గద్వాల ప్రాంతం హైబ్రిడ్ పత్తి విత్తనోత్పత్తికి దేశంలో పేరు పొందింది. మూడు జిల్లాల్లోను మామిడి, బత్తాయి, నిమ్మ తోటలున్నాయి. కంచెగా నాటే మొక్క ఆ పంటల పురుగులకు ఆశ్రయమిస్తే, కంచే చేను మేసిన సామెత అక్షరాలా నిజమవుతుంది.

పూల కంచెగా అందరూ ఇష్టపడే మందారం పత్తి కుటుంబానికి చెందినది. పత్తిని ఆశించే పిండినల్లి మందారంపై ఏడాది పొడవునా బతుకుతుంది. పత్తి తీసిన తరువాత చేను ఖాళీగా ఉండే వేసవిలో తడిపెట్టి పెంచిన మందార కంచె దానికి వంతెన అవుతుంది. విత్తన పత్తిలో ప్రతి పువ్వుకూ చేతితో పరపరాగ సంపర్కం చేస్తారు. అంత కూలి పెట్టిన కాయను పోగొట్టుకునే స్థితిలో ఏ రైతూ ఉండడు. ఒకటి రెండు మందార మొక్కలను ఇంటి ముందు కంటికి ఎదురుగా పెంచుకోవచ్చు. పత్తి చేను గట్టున వరుసగా నాటరాదు.

నిమ్మజాతి తోటల దగ్గర ఇంతకన్నా జాగ్రత్త అవసరమైన మొక్క నాగగొలుగు. నర్సరీల్లో దీనిని మురయా లేదా కామిని అంటారు, శాస్త్రీయ నామం మురయా పానిక్యులేటా. ముదురాకుపచ్చ ఆకు, సువాసన గల తెల్లని పూలు, కత్తెరకు చక్కగా లొంగే గుణం ఉండటంతో కంచె మొక్కగా దీనికి సాటి తక్కువ. అయితే ఇది కూడా నిమ్మ కుటుంబానిదే. గ్రీనింగ్ తెగులును వ్యాపింపజేసే సిల్లా పురుగు దీని లేత చిగుళ్లపై ఇష్టంగా గుడ్లు పెడుతుంది. కంచెను కత్తిరించిన ప్రతిసారీ కొత్త చిగుళ్లు వస్తాయి కనుక మనమే ఆ పురుగుకు ఏడాది పొడవునా ఆహారం సమకూర్చినట్లవుతుంది. కరివేపాకు కూడా ఈ పురుగుకు ఆశ్రయమే.

అమెరికాలోని ఫ్లోరిడా అనుభవం ఇందుకు హెచ్చరిక. అక్కడ 1998లో సిల్లా పురుగును మొదట గుర్తించినది నిమ్మ తోటలో కాదు, ఇండ్ల పెరళ్లలోని మురయా మొక్కలపై. నర్సరీ మొక్కల రవాణాతో పురుగు రాష్ట్రమంతా పాకింది. 2005లో గ్రీనింగ్ తెగులు బయటపడింది. 2003-04లో 24 కోట్ల పెట్టెలు దాటిన ఫ్లోరిడా నారింజ దిగుబడి 2023-24 నాటికి 2 కోట్ల పెట్టెల లోపుకు పడిపోయింది. తుపానుల నష్టం, తోటలు ఇండ్ల స్థలాలుగా మారడం వంటి ఇతర కారణాలున్నా ఈ పతనంలో ప్రధాన పాత్ర గ్రీనింగ్ తెగులుదే.

నేను ఇది పుస్తకాల నుంచి మాత్రమే చెప్పడం లేదు. చాలా ఏళ్ల క్రితం నాగర్‌కర్నూల్ ప్రాంతంలో నిమ్మ తోట మధ్య ఇల్లు కట్టుకున్న ఒక రైతు నన్ను కంచె మొక్క అడిగితే మురయా చెప్పాను. మూడేళ్లకు కంచె చూడముచ్చటగా పెరిగింది. ఒక వేసవిలో వెళ్లి చిగురు తిప్పి చూస్తే దాని నిండా సిల్లా పిల్ల పురుగులు, వాటి తెల్లని మైనపు తీగలు. తోటకు, ఆ కంచెకు మధ్య పట్టుమని పది అడుగులు లేవు. ఆ కుటుంబం మారుమాట లేకుండా కంచెను వేళ్లతో సహా పెకలించి, మళ్లీ దడి కట్టుకుంది. మొక్క చెప్పిన పని చేసింది. ఎంత త్వరగా పెరుగుతుందో చెప్పిన నేను, పక్కన ఏ పంట ఉందో అడగలేదు.

రెండంచెల పద్ధతి

చాటు వెంటనే కావాలన్న కోరిక సహేతుకమైనదే. మూడేళ్లు ఆగమని ఏ ఇంటికీ చెప్పలేము. అందుచేత ఒకే సమయంలో రెండు వరుసలు ప్రారంభించాలి. వెలుపలి వరుస తాత్కాలికం, లోపలి వరుస శాశ్వతం. వాటి మధ్య కనీసం ఒక మీటరు దూరం ఉంచాలి. లేకపోతే తాత్కాలిక వరుస నీడలో శాశ్వత మొక్కలు అడుగున పలచబడతాయి.

తాత్కాలిక వరుసకు మన పంటలే చాలు. పాలెం ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం దశాబ్దాలుగా పనిచేస్తున్న ఆముదం, కంది ఇందుకు అనుకూలం. జూన్‌లో తొలకరికి విత్తిన పొడవాటి ఆముదం మూడు నెలల్లో మనిషి ఎత్తు దాటుతుంది. మేకలు అంతగా ముట్టవు. ఆకులపై పొగాకు లద్దె పురుగు గుడ్ల సముదాయాలు కనిపిస్తే ఏరి నాశనం చేయాలి. గింజ విషపూరితం కనుక పిల్లలున్న ఇంట్లో గెలలను ముదరక ముందే తుంచివేయాలి. కందిలో స్వల్పకాలిక రకాలు కాక, పొడవుగా పెరిగే దీర్ఘకాలిక రకాలను ఎంచుకోవాలి. పచ్చికాయ కూరకు వస్తుంది, వేరు బుడిపెలు నేలకు నత్రజనిని ఇస్తాయి.

ఇంకా త్వరగా కావాలంటే వెదురు లేదా కట్టెలతో దడి కట్టి తీగ చిక్కుడు, బీర, దొండ పాకించాలి. రెండు నుంచి రెండున్నర నెలల్లో దడి కప్పుకుంటుంది. నీటి వసతి ఉంటే అవిశె ఏడాదిలో మూడు మీటర్లు దాటుతుంది. అయితే మేకలకు ఎంతో ప్రీతి, గాలికి విరుగుతుంది, ఆయుష్షు తక్కువ. ఈ తక్కువ ఆయుష్షు ఇక్కడ లోపం కాదు. శాశ్వత వరుస నిలదొక్కుకునేసరికి దానిని తీసివేయడం సులభమవుతుంది.

శాశ్వత వరుసకు తగిన మొక్కలు

వావిలి: కొమ్మ ముక్కలతో వస్తుంది. మేకలు తినవు. కత్తిరిస్తే అడుగు నుంచి చిగురిస్తుంది, రెండు నుంచి మూడు మీటర్ల ఎత్తులో నిలపవచ్చు. నీలి పూలకు తేనెటీగలు వస్తాయి. మూడు జిల్లాలకూ మొదటి సిఫారసు ఇదే.

బందారు: శాస్త్రీయ నామం డొడోనియా విస్కోసా. రాతి గుట్టలపై సహజంగా పెరుగుతుంది. ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది, పశువులు ముట్టవు. మొదటి ఏడాది నెమ్మది, మూడో ఏడాదికి దట్టం. గింజ పైపొర గట్టిది కాబట్టి వేడి నీటిలో నానబెట్టి విత్తాలి. చల్కా, మొరం నేలలకు ఇది ఉత్తమం.

గోరింట: కొమ్మలతోను, గింజలతోను పెంచవచ్చు. ఎండను, కొంతవరకు చౌడును తట్టుకుంటుంది. తీవ్రమైన వేసవిలో నీరు లేకపోతే ఆకు పలచబడుతుంది. ఆకుకు ఇంట్లో ఉపయోగం ఎలాగూ ఉంది.

అడ్డసరం: వెడల్పైన ఆకు వలన తక్కువ మొక్కలతోనే చాటు వస్తుంది. పశువులు తినవు. కొంత నీడను సహిస్తుంది, పై మూడింటికన్నా కొంచెం ఎక్కువ తడి కోరుతుంది. కుళాయి దగ్గర నాటడానికి అనువైనది.

వాక్కాయ, సీమచింత: ముళ్లతో చాటు, రక్షణ రెండూ ఇస్తాయి. వాక్కాయ నెమ్మది, సీమచింత వేగం. సీమచింతను ఏడాదికి మూడు సార్లైనా కత్తిరించకపోతే చెట్టవుతుంది. నల్లమల అంచున ఉన్న అచ్చంపేట, అమ్రాబాద్ వైపు కోతుల బెడద ఉన్న గ్రామాల్లో పండ్లనిచ్చే ఈ రెండింటినీ ఇంటిని ఆనుకొని నాటరాదు.

గన్నేరు కరువును బాగా తట్టుకుంటుంది. అయితే అన్ని భాగాలూ విషం. పశువులు, చిన్నపిల్లలు తిరిగే పెరటికి సిఫారసు చేయరాదు. గుంపుగా పెరిగే వెదురు నీటి వసతి ఉన్న జూరాల ఆయకట్టులో చక్కని చాటు ఇస్తుంది. కుదురు వెడల్పవుతుంది కనుక గోడకు రెండు మీటర్ల ఎడం వదలాలి.

ఒకే జాతితో మొత్తం కంచె వేయడంకన్నా రెండు మూడు జాతులను విడతలుగా నాటడం మేలు. ఒక తెగులు వచ్చినా కంచెలో ఒక భాగమే దెబ్బతింటుంది.

నాటడం, కత్తిరించడం

మే నెలలో 45 సెం.మీ. వెడల్పు, 45 సెం.మీ. లోతు కందకం తీసి ఎండనివ్వాలి. మీటరుకు 5 కిలోల చివికిన పశువుల ఎరువు, 100 గ్రాముల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ పై మట్టితో కలిపి నింపాలి. రెండు మంచి వానలు పడ్డాక జూన్ చివర లేదా జూలైలో నాటాలి. 75 సెం.మీ. ఎడంతో రెండు వరుసలను ఒకదాని ఖాళీకి ఎదురుగా మరొకటి వచ్చేలా నాటితే 30 మీటర్లకు 81 మొక్కలు, 8 మీటర్ల కంచెకు సుమారు 22 మొక్కలు పడతాయి. హద్దు గోడ వెంట నాటేటప్పుడు, కత్తెర పట్టుకొని నిలబడేందుకు మన వైపున మీటరు స్థలం వదలాలి.

ఎక్కువ మంది విఫలమయ్యేది మొదటి కత్తిరింపులో. మొక్క నాటి ఆరు నుంచి ఎనిమిది వారాలైన తరువాత, వేరు నిలదొక్కుకోగానే 30 సెం.మీ. ఎత్తులో తల తుంచాలి. ఎత్తు కోసం ఎదురుచూస్తున్న ఇంటివారికి ఇది మనస్కరించదు. కానీ తల తుంచని మొక్క ఒంటి కాండంతో పైకి పోయి, అడుగున ఖాళీ వదులుతుంది. ఆ ఖాళీ తరువాత ఎన్నటికీ పూడదు. ఆపై ప్రతి 20 సెం.మీ. కొత్త పెరుగుదలలో సగం తీసివేస్తూ ఎత్తును మెట్లు మెట్లుగా పెంచాలి. కంచె అడుగు వెడల్పుగా, పైభాగం సన్నగా ఉండాలి. పైభాగం వెడల్పైతే కింది ఆకుకు వెలుతురు అందక రాలిపోతుంది. తాత్కాలిక వరుస పక్కనే ఉన్నప్పుడు ఈ కోతలకు ఇంటివారు సులభంగా ఒప్పుకుంటారు. రెండంచెల పద్ధతిలో అన్నిటికన్నా పెద్ద లాభం ఇదే.

మొదటి రెండు వేసవుల్లో వారానికి రెండు తడులు, వేర్లపై ఎండుటాకు లేదా వేరుశనగ పొట్టు మల్చింగ్ తప్పనిసరి. వేరుశనగ పొట్టు వాడేచోట చెదలను గమనిస్తుండాలి. మూడో వేసవి నుంచి వావిలి, బందారు, గోరింటలకు పది పదిహేను రోజులకొక తడి సరిపోతుంది.

ముగింపు

విస్తరణ శాస్త్రవేత్త దగ్గరికి చాటు మొక్క కోసం వచ్చిన వారిని ముందుగా నాలుగు విషయాలు అడగాలి: చూపు ఎక్కడి నుంచి ఎక్కడికి పడుతున్నది, వేసవిలో రోజుకు ఎన్ని లీటర్ల నీరు ఇవ్వగలరు, నేల చల్కానా, రేగడా, చౌడా, గోడ అవతల ఏ పంట ఉంది. ఈ నాలుగింటికి సమాధానం తెలిసిన తరువాత మొక్క పేరు చెప్పడానికి ఎక్కువ సమయం పట్టదు. విద్యార్థులు తమ గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో ఊరి పాత కంచెలను ఒకసారి నడిచి చూడాలి. ఏ నేలలో ఏ మొక్క నీరు పోయకుండా నిలిచి ఉందో, దేనిని మేకలు వదిలేశాయో, కోతులు దేని కోసం వస్తున్నాయో రాసుకోవాలి. అటువంటి జాబితా ఏ మండలానిదైనా ఒకటి చేతిలో ఉంటే, ఆ మండలంలో తరువాత వచ్చే ఇంటివారికి నేను ఒకప్పుడు చెప్పినటువంటి సమాధానం చెప్పవలసిన అవసరం రాదు.